చలిజ్వరం దాటిన పిల్లలు: బస్తర్ మలేరియా, మెదడు చిత్రాలు, నిలవని ధ్యాస

దేశంలో మలేరియా గట్టిగా వేళ్లూనుకున్న నేలల్లో ఛత్తీస్‌గఢ్ దక్షిణాన ఉన్న బస్తర్ ఒకటి. ఆ జ్వరం ఏటా ఎందరికి వచ్చింది, ఎందరి ప్రాణం తీసింది అన్న లెక్కలు ప్రభుత్వ పట్టికల్లో ఉంటాయి. జ్వరం తగ్గి ఇంటికి చేరిన పిల్లవాడి మెదడులో అది ఏం మిగిల్చిందో రాసుకునే గడి మాత్రం ఆ పట్టికల్లో లేదు. ధ్యాస నిలవకపోవడం, కాలు ఒకచోట ఆగకపోవడం, ఆలోచన కంటే ముందే చెయ్యి కదలడం అనే లక్షణాల కలయికను వైద్యులు ఏడీహెచ్‌డీ అంటున్నారు. ఆ లక్షణాలకూ మెదడును తాకే జ్వరాలకూ ఉన్న సంబంధాన్ని వైద్యం గుర్తించి నూరేళ్లు దాటింది. మెదడును ఫొటోలా చూపే యంత్రాలు వచ్చాక ఆ సంబంధాన్ని కంటితో చూసే వీలు కలిగింది. బస్తర్ గతాన్ని ఈ వైపు నుంచి చూస్తే అక్కడి చదువు, ఆరోగ్యం గురించి అడగాల్సిన ప్రశ్నలు మారిపోతాయి.

పాత ఉమ్మడి బస్తర్ జిల్లా విస్తీర్ణం దాదాపు 39 వేల చదరపు కిలోమీటర్లు, అంటే కేరళ కంటే కాస్త పెద్దది. 1998లో అది మూడు జిల్లాలైంది. 2007లో బీజాపూర్, నారాయణపూర్, 2012లో సుక్మా, కొండగావ్ ఏర్పడి ఇప్పుడు ఏడు జిల్లాల డివిజన్‌గా ఉంది. ఇంద్రావతి, శబరి నదులు, వాటిలో కలిసే వందలాది వాగులు, గుగ్గిలం చెట్ల అడవులు, కొండల మధ్య వరి మడులు దాని స్వరూపం. మలేరియా మోసే దోమల్లో రెండు రకాలకు ఈ నేల అన్ని విధాలా అనువైనది. ఎనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ మెల్లగా పారే కొండవాగుల అంచుల్లో గుడ్లు పెడుతుంది. ఎనాఫిలిస్ క్యూలిసీఫేసీస్ వరి మడుల్లో, వాన నిలిచిన గుంటల్లో పెరుగుతుంది. ఒకదానికి కాలం తప్పితే మరొకదానికి కాలం వస్తుంది గనుక జ్వరానికి ఏడాదిలో విరామం తక్కువ. ఇప్పపూలు ఏరే రోజుల్లో, తునికాకు కోసే రోజుల్లో, పోడు చేను కాపలా కాసే రాత్రుల్లో కుటుంబాలు అడవిలోనే పడుకుంటాయి. దోమతెర, మందు చల్లిన గోడ రెండూ అప్పుడు ఊళ్లోనే ఉండిపోతాయి. ఇక్కడ కనిపించే మలేరియాలో ఎక్కువ భాగం ఫాల్సిపారమ్ పరాన్నజీవి వల్ల వచ్చేదే. మనిషికి సోకే మలేరియా జాతుల్లో మెదడు దాకా పోయి ప్రాణం తీయడంలో దీనిదే పైచేయి.

ఓరుగల్లు పతనం తర్వాత 14వ శతాబ్దిలో కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు గోదావరి దాటి ఇక్కడికి వచ్చి రాజ్యం నెలకొల్పాడని బస్తర్ రాజవంశ సంప్రదాయం. భోపాలపట్నం, కుంట వైపు నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఇంత దగ్గరి సంబంధం ఉన్నా బయటివారికి ఈ అడవి చాలాకాలం మూసిన తలుపుగానే ఉంది. 1795లో ఈస్టిండియా కంపెనీ అధికారి కెప్టెన్ బ్లంట్ చునార్ కోట నుంచి ఏలూరు సర్కారులోని ఎర్నగూడెం దాకా దారి చూస్తూ వచ్చాడు. బస్తర్ లోపలికి పోవాలన్న అతని ప్రయత్నాన్ని గోండులు సాగనివ్వలేదు. 1862లో ఈ సంస్థానంపై నివేదిక రాసిన గ్లాస్‌ఫర్డ్ సిరొంచ కేంద్రంగా ఉన్న ఎగువ గోదావరి జిల్లా డిప్యూటీ కమిషనర్. ఇవతల తెలుగు ప్రాంతపు రంప మన్యంలో 1879లో లేచిన తిరుగుబాటును అణచడానికి వచ్చిన బలగాలను కూడా మన్యం జ్వరం బాగా కుంగదీసింది. కొండవాళ్లకు అలవాటైన గాలి, నీరు మైదానం వాళ్లకు పడవని అప్పట్లో అందరూ నమ్మారు. గాలి కాదు, దోమ అని తేలింది కూడా తెలుగు నేల మీదే. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఎనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు.

కొండవాళ్లకు ఆ జ్వరం పడుతుందన్న మాటలో సగమే నిజం. చిన్నతనం నుంచీ పదేపదే మలేరియా వచ్చిన పెద్దవాడి ఒంట్లో కొంత రక్షణ ఏర్పడుతుంది. పరాన్నజీవి రక్తంలో ఉన్నా అతను లేచి పనికి పోగలడు. ఆ రక్షణ చంటిబిడ్డకు ఉండదు. అంటే ఊరు సంపాదించుకున్న తట్టుకునే శక్తికి మూల్యం చెల్లించింది అయిదారేళ్లలోపు పిల్లలు. చెల్లించినవారిలో కొందరు చనిపోయారు, మిగిలినవారు పెద్దయ్యారు. బయటి అధికారులు చూసింది ఆ పెద్దయినవారిని మాత్రమే. 1927 నుంచి 1931 వరకు బస్తర్ పాలన చూసి, 1938లో మారియా గోండులపై పెద్ద గ్రంథం తెచ్చిన గ్రిగ్సన్ గానీ, 1947లో మురియాల యువజన గృహం ఘోటుల్ గురించి రాసిన వెరియర్ ఎల్విన్ గానీ తమ చుట్టూ కనబడిన జీవితాన్ని ఎంతో శ్రద్ధగా నమోదు చేశారు. పాట, పని, పెళ్లి, భూమి, దేవుడు అన్నీ ఆ గ్రంథాల్లో ఉన్నాయి. కాని బాల్యంలో మూర్ఛలు వచ్చి బతికిన పిల్లవాడు తర్వాత ఎలా ఉన్నాడన్న ప్రశ్న ఆనాటి వైద్యానికే పూర్తిగా తట్టలేదు, మానవశాస్త్రానికి తట్టకపోవడంలో వింత లేదు.

ఊళ్లో అయితే పిల్లవాడికి ఒళ్లు కాలి, కళ్లు తేలవేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటే సిరహా దగ్గరికి తీసుకుపోయేవారు. దేవత ఒంటి మీదికి వచ్చి పలికే మనిషి సిరహా. మందుమాకు తెలిసిన గునియా మరొకడు. ఏ దేవత కోపం, ఎవరి దిష్టి, ఏ మొక్కు తీరలేదు అన్నది వాళ్లు చెప్పేవారు. ఆస్పత్రి రెండు రోజుల నడక దూరంలో ఉన్న ఊరికి అంతకన్నా వేరే దిక్కు లేదు. జ్వరం తర్వాత పిల్లవాడి నడవడి మారితే దానికీ వాళ్ల దగ్గర సమాధానం ఉండేది. జ్వరం, ఆ తర్వాతి నడవడి రెండూ ఒకే కథలో భాగమని వాళ్లు చూడగలిగారు. కారణం తప్పుగా చెప్పినా ఆ రెంటినీ కలిపి చూడటంలో వాళ్లు పొరపడలేదు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వస్తోందని, 8 లక్షల మంది చనిపోతున్నారని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. డీడీటీ చల్లడంతో 1965 నాటికి కేసులు లక్ష స్థాయికి పడిపోయాయి. 1976 నాటికి మళ్లీ 64 లక్షలు దాటాయి. దోమలు డీడీటీకి అలవాటు పడ్డాయి, పరాన్నజీవి క్లోరోక్విన్‌కు లొంగడం మానేసింది, గెలిచేశామనుకున్న యంత్రాంగం చేతులు కడిగేసుకుంది. మైదానాలు ఆ దెబ్బ నుంచి మెల్లగా కోలుకున్నా అడవి ప్రాంతాలు కోలుకోలేదు. 1958లోనే దండకారణ్య ప్రాజెక్టు మొదలై తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలను పరల్‌కోట వంటి అడవి ప్రాంతాలకు తెచ్చింది. 1960లలో బైలదిలా ఇనుప గనులు, వాటి ఖనిజాన్ని విశాఖకు చేర్చే కొత్తవలస–కిరండుల్ రైలుమార్గం వచ్చాయి. ఈ జ్వరానికి ఏ రక్షణా లేని కొత్తవాళ్లు ఇలా వేల సంఖ్యలో అడవిలోకి చేరారు.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక జనం కదలిక ఎదురు దిశలో సాగింది. ఊళ్లు ఖాళీ అయి వేలాది కుటుంబాలు రాష్ట్ర సరిహద్దు దాటి నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో తలదాచుకున్నాయి. చర్ల, వెంకటాపురం వైపు గుత్తికోయలని పిలిచే ఈ కుటుంబాల పిల్లలు కొత్త నేల మీద అదే జ్వరంతో, ఇంకా తక్కువ రక్షణతో పెరిగారు. బస్తర్ లోపల బడులు కూలిపోయాయి. తర్వాత బీజాపూర్, సుక్మా, దంతెవాడ జిల్లాల్లో వెదురు గోడల పోర్టా కేబిన్ ఆశ్రమ పాఠశాలలు లేచాయి. బస్తర్ పిల్లలు పెద్ద సంఖ్యలో తరగతి గదుల్లో గంటల తరబడి కూర్చోవాల్సి వచ్చిన కాలం ఇదే. ధ్యాస ఒక సమస్యగా కళ్లబడేది కూడా తరగతి గదిలోనే.

ఫాల్సిపారమ్ మెదడుకు చేసే హాని ఇలా సాగుతుంది. పరాన్నజీవి చేరిన ఎర్రకణం పైన జిగురులాంటి ప్రోటీన్లు మొలుస్తాయి. వాటి వల్ల ఆ కణం సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుపోతుంది. మెదడులో ఇలా వేల నాళికలు సగం మూసుకుపోతే ఆక్సిజన్, చక్కెర అందడం తగ్గుతుంది. నాళాల గోడలు దెబ్బతిని నీరు బయటికి ఊరి మెదడు వాస్తుంది. మూర్ఛలు వస్తాయి. ప్రతి మూర్ఛా ఉన్న కొద్దిపాటి చక్కెరను, ఆక్సిజన్‌ను ఇంకా తోడేస్తుంది. పిల్లవాడు స్పృహ కోల్పోతాడు. దీన్ని సెరిబ్రల్ మలేరియా అంటారు. మంచి వైద్యం అందినా అయిదారుగురిలో ఒకరు బతకరు. బతికినవారు సాధారణంగా రెండు మూడు రోజుల్లో కళ్లు తెరుస్తారు, వారంలో ఇంటికి నడిచి వెళతారు. అంత త్వరగా కోలుకోవడం వల్లనే లోపల ఏమీ మిగల్లేదని వైద్యులు సైతం చాలాకాలం అనుకున్నారు. బస్తర్‌లో తీవ్ర మలేరియా ఎంత బరువైన సమస్యో జగదల్‌పూర్ మహారాణి ఆస్పత్రి రోగులపై నీరూ సింగ్ బృందం చేసి 2014లో ప్రచురించిన అధ్యయనం శాస్త్రీయంగా నమోదు చేసింది.

జ్వరం తగ్గాక కుదురు పోవడం అనే సంగతిని వైద్యం మొదట పట్టుకున్నది మలేరియాలో కాదు. 1917లో వియన్నాలో ఫాన్ ఎకోనమో నిద్రమత్తు మెదడువాపును వర్ణించాడు. ఆ మహమ్మారి పదేళ్లపాటు ప్రపంచాన్ని చుట్టింది. బతికిన పిల్లల్లో చాలామంది అంతకుముందు నెమ్మదిగా ఉండేవారే. జ్వరం తర్వాత ఒక్క క్షణం ఆగలేని, ఏ పనిమీదా ధ్యాస పెట్టలేని, కోపం ఆపుకోలేని పిల్లలయ్యారు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చినప్పుడు దాన్ని నైతిక నియంత్రణ లోపంగా చెప్పాడు. మెదడువాపు అనుభవం తర్వాత అది నడతకు సంబంధించిన మాట కాకుండా మెదడుకు సంబంధించిన మాటయింది. నేటి ఏడీహెచ్‌డీ భావన పుట్టుకలో ఈ జ్వరానికి పెద్ద వాటా ఉంది. తర్వాతి దశాబ్దాల్లో ఏ జ్వరమూ రాని, కుటుంబంలోనే ఈ లక్షణాలు నడుస్తున్న పిల్లలే ఎక్కువని తేలింది. వంశపారంపర్యం ప్రధాన కారణమని స్థిరపడింది. జ్వరం దారి పక్కకు జరిగింది గాని మూసుకుపోలేదు.

మెదడు చిత్రణకూ ఈ రుగ్మతకూ తొలి ముడి పడింది అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో, ఒక బాధాకరమైన పద్ధతి ద్వారా. వాల్టర్ డాండీ 1919లో కనిపెట్టిన ఆ పద్ధతిలో వెన్ను నుంచి ద్రవం తీసి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. గాలి చేరిన మెదడు గదులు నీడలా కనబడేవి. పిల్లలకు ఆ తర్వాత భరించలేని తలనొప్పి వచ్చేది. చార్లెస్ బ్రాడ్లీ దానికి ఉపశమనంగా బెంజిడ్రిన్ ఇచ్చి చూశాడు. తలనొప్పికి అది పెద్దగా పనిచేయలేదు. కాని పిల్లలు బడిలో కుదురుగా కూర్చుని లెక్కలు చేయడం మొదలుపెట్టారు. 1937లో అతను ఆ ఫలితాలు ప్రచురించాడు. ఏడీహెచ్‌డీకి నేటికీ వాడే ఉత్తేజక మందుల చరిత్ర అక్కడ మొదలవుతుంది.

1984లో డెన్మార్క్‌లో హాన్స్ లూ బృందం జెనాన్ వాయువు పీల్పించి తీసిన చిత్రాల్లో ఈ పిల్లల మెదడు ముందుభాగానికి రక్తప్రసారం తక్కువగా ఉన్నట్టు చూసింది. 1990లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జామెట్కిన్ బృందం పెట్ స్కాన్‌తో, చిన్ననాటి నుంచీ ఈ లక్షణాలున్న పెద్దల మెదడు చక్కెర వాడకం సుమారు 8 శాతం తక్కువని ప్రకటించింది. కౌమారంలో ఉన్నవారిపై తర్వాత చేసిన అదే తరహా పరిశోధనలో తేడా అంత స్పష్టంగా రాలేదు. ఎంఆర్‌ఐ వచ్చాక రేడియోధార్మిక పదార్థాల అవసరం పోయి పిల్లలను పెద్ద సంఖ్యలో, మళ్లీ మళ్లీ చూడటం వీలయింది. 2002లో కాస్టెయానోస్ బృందం ఈ పిల్లల మెదడు పరిమాణం సగటున 3 శాతం వరకు తక్కువని, మందు వాడని పిల్లల్లోనూ ఆ తేడా ఉందని చూపింది. మందుల వల్లే మెదడు చిన్నదవుతోందన్న భయానికి అది గట్టి జవాబు. 2007లో ఫిలిప్ షా బృందం ఇచ్చిన ఫలితం తల్లిదండ్రులకు అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చేది. మెదడు పైపొర మందం గరిష్ఠానికి చేరే మధ్యస్థ వయసు ఇతర పిల్లల్లో 7.5 ఏళ్లయితే వీరిలో 10.5 ఏళ్లు. ఎదుగుదల క్రమం అదే, వేగమే తక్కువ. 2017లో 23 కేంద్రాల నుంచి 3,200 మందికి పైగా స్కాన్‌లను కలిపి చూసిన హోగ్‌మన్ బృందం కాడేట్, పుటామెన్, అమిగ్డలా వంటి లోపలి భాగాలు కొద్దిగా చిన్నవని నిర్ధారించింది.

ఆ "కొద్దిగా" అన్నమాటను మరవకూడదు. వందలమంది సగటులో కనబడే తేడా ఒక్క పిల్లవాడి స్కాన్‌లో కనబడదు. 2011లో ఏడీహెచ్‌డీ-200 పేరుతో వందలాది పిల్లల స్కాన్‌లు ఇచ్చి, వాటినిబట్టి ఎవరికి ఈ రుగ్మత ఉందో చెప్పమని పరిశోధకులకు పోటీ పెట్టారు. స్కాన్‌లను పూర్తిగా పక్కనపెట్టి వయసు, ఆడా మగా, తెలివి పరీక్ష మార్కులు వంటి వివరాలతో లెక్క కట్టిన అల్బర్టా విశ్వవిద్యాలయ బృందానికే ఎక్కువ సరైన జవాబులు వచ్చాయి. మరో చిక్కు కూడా ఉంది. కుదురులేని పిల్లవాడు స్కానర్‌లోనూ కదులుతాడు. మిల్లీమీటరులో భాగమంత కదలిక కూడా చిత్రాన్ని చెరిపి, లేని తేడాను చూపగలదని 2012 తర్వాత స్పష్టమైంది. అందుకే ఏ పిల్లవాడికీ స్కాన్ తీసి ఏడీహెచ్‌డీ ఉందో లేదో తేల్చే పద్ధతి నేటికీ లేదు. ఉందని చెప్పి తల్లిదండ్రుల నుంచి డబ్బు తీసుకునేవారిని నమ్మకూడదు.

మలేరియా విషయంలో చిత్రణ ఇంతకంటే నేరుగా పనికొచ్చింది. ఆఫ్రికాలోని మలావీ దేశంలో బ్లాంటైర్ నగర ఆస్పత్రికి 2008లో ఎంఆర్‌ఐ యంత్రం చేరింది. టెర్రీ టేలర్, కార్ల్ సైడెల్ బృందం అక్కడ సెరిబ్రల్ మలేరియా పిల్లలకు స్కాన్‌లు తీసింది. 2015లో ప్రచురించిన ఫలితాల్లో, చనిపోయిన 25 మందిలో 21 మందికి ఆస్పత్రిలో చేరినప్పుడే మెదడు తీవ్రంగా వాచి ఉంది. బతికినవారిలో ఆ వాపు ఉన్నది నాలుగో వంతు మందికే, వారిలోనూ అది త్వరగా తగ్గిపోయింది. పిల్లలు ఎలా చనిపోతున్నారన్న పాత ప్రశ్నకు అలా జవాబు దొరికింది. ఎలా బతుకుతున్నారన్నదానికి అదే నగరంలో గ్రెచెన్ బిర్బెక్ బృందం 2010లో జవాబిచ్చింది. బతికి బయటపడ్డ 132 మందిలో 12 మందికి తర్వాత మూర్ఛవ్యాధి వచ్చింది. పోల్చడానికి తీసుకున్న 264 మంది పిల్లల్లో ఒక్కరికీ రాలేదు. ప్రవర్తన సమస్యలూ బతికినవారిలోనే చాలా ఎక్కువ. ఉగాండాలో చాందీ జాన్, మైఖేల్ బోయివిన్ బృందం రెండేళ్ల తర్వాత చూసినప్పుడు నాలుగో వంతు పిల్లల్లో ఆలోచనాశక్తి లోపాలు కనబడ్డాయి. ధ్యాస, పనిచేసే జ్ఞాపకం వాటిలో ముందున్నాయి. రిచర్డ్ ఇద్రో బృందం చూసిన ఉగాండా పిల్లల ప్రవర్తన సమస్యల్లో అతి చురుకుదనం, తొందరపాటు, ధ్యాస నిలవకపోవడమే ఎక్కువ. 1920ల నాటి మెదడువాపు పిల్లల గురించి రాసిన వర్ణనలను పక్కపక్కన పెట్టి చదివితే రెండూ ఒకేలా ఉంటాయి.

బస్తర్‌కు దగ్గరి సాక్ష్యం ఒడిశాలోని రౌర్కెలా నుంచి వచ్చింది. అక్కడి ఇస్పాత్ జనరల్ ఆస్పత్రిలో సంజీబ్ మొహంతి, సామ్ వాస్మర్ బృందం అడవి జిల్లాల నుంచి వచ్చిన రోగులకు ఎంఆర్‌ఐ తీస్తూ వచ్చింది. బతికినవారిలో మెదడు వాపు రెండు మూడు రోజుల్లోనే తగ్గిపోవచ్చని, మెదడులో ఒక్కో భాగానికి హాని ఒక్కో రకంగా జరుగుతుందని 2017లో ఆ బృందం చూపింది. 2022లో వెలువడిన ఫలితం మరింత కలవరపెట్టేది. స్పృహ తప్పని, మామూలుగా మందు తీసుకుని ఇంటికి వెళ్లిపోయే ఫాల్సిపారమ్ రోగుల మెదడులోనూ స్కాన్‌లో మార్పులు కనబడ్డాయి. ఆ రోగుల్లో ఎక్కువమంది పెద్దవాళ్లు. కాబట్టి దాన్ని పిల్లలకు యథాతథంగా అన్వయించకూడదు. అయినా రౌర్కెలా చుట్టుపక్కల అడవికీ బస్తర్ అడవికీ దోమ ఒకటే, పరాన్నజీవి ఒకటే, ఏడాదికి రెండు మూడుసార్లు జ్వరపడే పిల్లల బతుకూ ఒకటే.

మలేరియా బస్తర్ రక్తం మీద వదిలిన గుర్తు మరొకటి సికిల్ సెల్. ఈ జన్యువు ఒక ప్రతి ఉన్నవారికి తీవ్ర మలేరియా నుంచి రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపాడు. వేల ఏళ్లుగా మలేరియా ఉన్నచోటల్లా ఆ జన్యువు నిలిచింది. మధ్య భారత ఆదివాసుల్లో, ఇతర కులాల్లోనూ అది విస్తారంగా ఉంది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ జన్యువు వచ్చిన పిల్లలకు వ్యాధి వస్తుంది. కొడవలిలా వంగిన కణాలు మెదడు లోపలి సన్నని నాళాలను మూసేస్తాయి. చాలాసార్లు పక్షవాతం రాదు, ఎవరికీ ఏమీ తెలియదు, ఎంఆర్‌ఐలో మాత్రం చిన్న చిన్న మచ్చలు కనబడతాయి. అమెరికాలో ఈ వ్యాధి ఉన్న పిల్లల్లో ఆరేళ్ల వయసుకే పావు వంతు మందికి పైగా ఈ మచ్చలు ఉంటాయి. అవి ఎక్కువగా ముందుభాగంలో, ధ్యాసను నడిపించే దారుల్లో వస్తాయి. భారతదేశంలో ఉన్న జన్యు రూపం సాధారణంగా కొంత నెమ్మదైనది గనుక ఇక్కడి శాతం ఇక్కడే కొలవాలి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం లక్షలాది పిల్లల రక్తం పరీక్షిస్తోంది. ఆ పిల్లల చదువు గురించి కూడా అప్పుడే అడిగితే ఖర్చు పెద్దగా పెరగదు. పదేపదే వచ్చే మలేరియా రక్తహీనతనూ మిగులుస్తుంది. మెదడులో ఇనుము తగ్గడానికీ ఏడీహెచ్‌డీకీ సంబంధం ఉందని ఎంఆర్‌ఐ అధ్యయనాలు సూచిస్తున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది.

గ్రామీణ పిల్లల మెదడు చిత్రణ మన దేశంలో సాధ్యమేనా అన్న అనుమానానికి సీ-వేదా సమాధానం. బెంగళూరు నిమ్హాన్స్‌లో వివేక్ బెనెగల్, లండన్‌లో గుంటర్ షూమన్ నాయకత్వంలో భారత, బ్రిటన్ వైద్య పరిశోధన మండళ్ల సాయంతో మొదలైన ఈ అధ్యయనం 6 నుంచి 23 ఏళ్ల వయసున్న సుమారు 9 వేల మందిని ఏడు చోట్ల నుంచి తీసుకుంది. అందులో ఒకటి మన రిషి వ్యాలీ, నాటి చిత్తూరు జిల్లా పల్లెల పిల్లలు. కొందరికి ఎంఆర్‌ఐ కూడా తీశారు. తొందరపాటు, ధ్యాస లోపం వంటి సమస్యలు ఎక్కడి నుంచి మొదలవుతాయన్నదే దాని ప్రశ్న. 2023లో ఆ బృందం, శరీరంలో ఆర్సెనిక్ ఎక్కువగా చేరినవారిలో ఆలోచనను అదుపుచేసే శక్తి తగ్గిందని, మెదడు నిర్మాణంలోనూ మార్పులున్నాయని చూపింది. బస్తర్‌కు ఉత్తరాన పాత రాజ్‌నంద్‌గావ్ జిల్లా అంబాగఢ్ చౌకీ ప్రాంతపు బావి నీళ్లలో ఆర్సెనిక్ ఉందని 1999లోనే బయటపడింది. నేల, నీరు, జ్వరం, ఆకలి వేసే ముద్రలను అమెరికా పిల్లల స్కాన్‌లు చూపవు. అందుకు ఇక్కడి పిల్లలనే చూడాలి.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక అవసరం. బస్తర్ బడిలో ధ్యాస పెట్టని ప్రతి పిల్లవాడికీ మెదడు దెబ్బతిన్నదనుకోవడం అన్యాయం. ఇంట్లో గోండీ, హల్బీ, దొర్లీ మాట్లాడే ఆరేళ్ల పిల్ల హిందీ పాఠం వింటూ కిటికీలోంచి చూస్తే అది రోగం కాదు. కాల్పుల శబ్దం విన్న పిల్ల, ఇల్లు వదిలి ఆశ్రమ పాఠశాలలో రాత్రి నిద్ర పట్టని పిల్ల కూడా ధ్యాస నిలపలేరు. ఏడీహెచ్‌డీ అని చెప్పాలంటే లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై, కనీసం ఆరు నెలలు సాగి, ఒకటి కంటే ఎక్కువ చోట్ల కనబడాలి. బడి బయట మురియా పిల్లలకు ఘోటుల్ ఉండేది. అక్కడ చిన్నవాళ్లు కట్టెలు తెచ్చి, ఊడ్చి, పెద్దవాళ్ల దగ్గర ఆట, డోలు నేర్చుకునేవారు. వంతు తప్పితే జరిమానా ఉండేది. గంటల తరబడి సాగే నృత్యంలో అడుగు తప్పని పిల్లవాడు తరగతిలో మాత్రమే తడబడితే లోపం తరగతి గదిలో ఉందేమో చూడాలి. అక్కడా ఇక్కడా తడబడే పిల్లవాడి సంగతి వేరు. జ్వరం చరిత్ర అడగాల్సింది అతని విషయంలో.

మలేరియా విషయంలో బస్తర్ ఇటీవల సాధించినది నిజంగా గొప్పది. 2002లో ఛత్తీస్‌గఢ్ మొదలుపెట్టిన మితానిన్ వ్యవస్థ ప్రతి గూడెంలో ఒక మహిళను ఆరోగ్య కార్యకర్తగా నిలబెట్టింది. దేశమంతటి ఆశా కార్యకర్తలకు అదే నమూనా. 2020 జనవరిలో మలేరియా ముక్త బస్తర్ అభియాన్ మొదలైనప్పుడు జ్వరం ఉన్నా లేకపోయినా ఇల్లిల్లూ తిరిగి అందరికీ రక్తపరీక్ష చేశారు. మొదటి విడతలో సుమారు 14 లక్షల మందిని పరీక్షిస్తే 64 వేల మందికి పైగా పరాన్నజీవి కనబడింది. వారిలో సగానికి పైగా జనానికి జ్వరమే లేదు. జ్వరం వచ్చినవారికే పరీక్ష చేసే పాత పద్ధతిలో వీరెవరూ దొరికేవారు కాదు. తర్వాతి సంవత్సరాల్లో పరీక్షల్లో తేలేవారి వాటా ఒక శాతం లోపుకు దిగింది. వాగులు దాటి, తుపాకుల మధ్య నుంచి నడిచి ఆ పని చేసినవారిలో ఎక్కువమంది ఆ ఊళ్ల ఆడవాళ్లే.

కేసులు తగ్గేకొద్దీ ఇప్పటికే జ్వరం దాటిన తరం స్పష్టంగా కనబడుతుంది. వాళ్లు నేడు ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నారు. ప్రతి ఒక్కరికీ ఎంఆర్‌ఐ తీయడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. పిల్లవాడు స్పృహ తప్పడానికి కారణం నిజంగా మలేరియాయేనా అన్నది కంటి వెనుక పొరను సాధారణ పరికరంతో చూసి చాలావరకు చెప్పవచ్చని మలావీ అనుభవం నేర్పింది. జగదల్‌పూర్ మహారాణి ఆస్పత్రిలో గానీ, దిమ్రాపాల్ వైద్య కళాశాలలో గానీ మూర్ఛలతో, స్పృహ లేకుండా చేరి బతికి వెళ్లే ప్రతి బిడ్డ పేరూ ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. ఆరు నెలలకు, రెండేళ్లకు మితానిన్ ఆ ఇంటి తలుపు తట్టి నడక, మాట, మూర్ఛ, ధ్యాస గురించి అడగాలి. తేడా ఉన్న పిల్లల జాబితా బడికి చేరాలి, వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి వాళ్ల భాషలో చెప్పే టీచరు ఉండాలి. సరిహద్దుకు ఇవతల చింతూరు, చర్ల, ఏటూరునాగారం ఆస్పత్రులు కూడా ఇదే చేయాలి, ఎందుకంటే అక్కడ పడకల మీద ఉన్న పిల్లల్లో బస్తర్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలూ ఉంటారు.